రెండు షీట్లు, ఒకటే పేరు: ఈ ఎర్ర నాచులు నిజంగా ఒకటేనా?

హంద్రీ టీచరు (కర్నూలు) – ఆదివారం, రాత్రి 9.10

నమస్కారం. నేను కర్నూలులో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. మాకు సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. పోయిన జనవరిలో పిల్లలను విశాఖపట్నం తీసుకువెళ్లి, ఆటు సమయంలో రాళ్ల మీద దొరికిన ఎర్ర నాచులు ఏరుకుని వచ్చాం. వాటిని కాగితాల మీద పరిచి ఎండబెట్టి దాచాం. వాటిలో రెండు షీట్లు రెండు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు.

రెండూ సన్నని దారపు పోగుల్లా, కొమ్మలు కొమ్మలుగా ఉన్నాయి. ఎండాక రెండూ ముదురు గోధుమ రంగుకు తిరిగాయి. రెండింటి మీదా "గ్రాసిలేరియా వెరుకోసా" అని రాయించాను. మా బీరువాలోని పాత షీట్లలో దారంలా కనిపించే ప్రతి ఎర్ర నాచుకూ అదే పేరు ఉంది, నేనూ అదే దారిన పోయాను. మొన్న రెండో సంవత్సరం కుర్రవాడొకడు రెండు షీట్లనూ పక్కపక్కన పెట్టి, "మేడమ్, దీనికి ఆవగింజల్లా బొడిపెలు ఉన్నాయి, దానికి లేవు. రెండూ ఒకటేనని ఎలా తెలుసు?" అన్నాడు. "పాత షీట్ల మీద అలాగే రాసి ఉంది" అని చెప్పాను. చెప్పిన మరుక్షణమే సిగ్గు వేసింది.

మా దగ్గర ఉన్నవి ఒక మామూలు సూక్ష్మదర్శిని, బ్లేడ్లు, రెండు మూడు రంగు ద్రావణాలు. వీటితో ఎంతవరకు తేల్చవచ్చు? డీఎన్ఏ పరీక్ష లేకుండా కుదరదా?


బురుజు నీడ (కర్నూలు) – ఆదివారం, రాత్రి 9.31

టీచరు గారూ, తుంగభద్రలో నీళ్లు కనిపిస్తేనే మనం ఫొటోలు తీసుకుంటాం, మీరు సముద్రపు పాచి దాకా వెళ్లారు! తెలియక అడుగుతున్నాను, చూడటానికి ఒకేలా ఉన్నవాటిని ఒకటే అనుకుంటే వచ్చే నష్టం ఏమిటి?


పల్లీకాయ (అనంతపురం) – ఆదివారం, రాత్రి 9.48

నష్టం సంగతి నన్ను అడగండి. ఒక ఏడాది కదిరి-6 వేరుశనగ అని నమ్మి విత్తనం తెచ్చాను. గింజ చూస్తే బాగానే ఉంది. మొలిచాక చేను కలగాపులగం. సగం చెట్లు ముందు కాపుకు వచ్చాయి, సగం రాలేదు. విత్తనం చేతిలో ఉన్నప్పుడు తెలియని తేడా ఊడలు దిగే వేళకు తెలిసింది, అప్పటికి పెట్టుబడి మట్టిలో కలిసింది.

నాదీ ఒక ప్రశ్న. మా వైపు చీనీ తోటలకు, టమాటాకు సముద్రపు నాచు ద్రావణం పిచికారీ చేస్తారు. నేను కొన్న డబ్బా మీద "సముద్రపు నాచు సారం" అని మాత్రమే ఉంది. ఏ నాచో ఎందుకు రాయరు?


గండికోట మాస్టారు (కడప) – సోమవారం, ఉదయం 6.20

ముప్పై ఏళ్లకు పైగా శైవలాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. నిద్ర లేవగానే ఈ ప్రశ్న చూసి కాఫీ చల్లార్చుకున్నాను.

పల్లీకాయ గారూ, మీ బాధ నిజమే గానీ కదిరి-6 అయినా టీఎంవీ-2 అయినా ఒకే జాతిలోని రకాలు. టీచరమ్మ దగ్గరున్నవి వేర్వేరు జాతులే కాదు, వేర్వేరు ప్రజాతులు, అంటే జాతుల కన్నా పై గుంపులు కూడా కావచ్చు. ఒక ఇంటి అన్నదమ్ములలో ఎవరు ఎవరో పోల్చుకోలేకపోవడం వేరు. ఊళ్లో ఉన్న ఇద్దరు మద్దిలేటిలను ఒకే మనిషి అనుకుని ఒకరి అప్పు మరొకరి దగ్గర వసూలు చేయడం వేరు.

అమ్మా, ముందు ఆ బొడిపెల సంగతి. గ్రాసిలేరియా లాంటి ఎర్ర నాచుల బతుకులో మూడు దశలు ఉంటాయి. మగ, ఆడ మొక్కలు మొదటి దశ. రెండోది ఆడ మొక్క మీదే పుట్టి, దాని తిండే తిని బతికే చిన్న దశ. మీ కుర్రవాడు చూసిన ఆవగింజలో ఉండేది అదే, ఆ బొడిపెను సిస్టోకార్ప్ అంటాం. అందులోంచి రాలిన సిద్ధబీజాలు మొలిస్తే మూడో దశ వస్తుంది. ఆ మొక్క నాలుగేసి సిద్ధబీజాలను ఒక్కో సంచిలో కడుతుంది. మగ మొక్క, ఆడ మొక్క, నాలుగు బీజాల మొక్క ఇవన్నీ పైకి ఒకే పోలిక. కాబట్టి బొడిపె ఉంటే ఆడ మొక్క అని చెప్పవచ్చు, లేనంత మాత్రాన వేరే జాతి అనలేం. కుర్రవాడి ప్రశ్న గట్టిది. ఆధారమే చాలదు.

ఇక "వెరుకోసా". ఆ పేరు ఎన్నో ఏళ్లు గోనెసంచిలా పని చేసింది. దారంలా ఉన్నదల్లా అందులో పడేశారు. తీరా బ్రిటన్ తీరంలోనే ఆ సంచిలో రెండు ప్రజాతుల మొక్కలు కలిసి ఉన్నాయని స్టీన్‌టాఫ్ట్, ఇర్విన్, ఫార్నమ్ 1995లో తేల్చారు. ఒకటి గ్రాసిలేరియా గ్రాసిలిస్, రెండోది గ్రాసిలేరియాప్సిస్ లాంగిసిమా. పుట్టింట్లోనే నిలవని పేరును మనం విశాఖ రాళ్ల మీది మొక్కకు అంటించి కూర్చున్నాం. నేనూ అంటించాను, దాచుకోవడం ఎందుకు? నా చేతిరాతతో ఉన్న షీట్లు ఇప్పటికీ ఏదో ఒక బీరువాలో ఉండే ఉంటాయి.

ఆకారాన్ని నమ్మవద్దు. అలలు గట్టిగా కొట్టే చోట పొట్టిగా గుబురుగా పెరిగే మొక్కే నిలకడ నీటిలో బారెడు సాగుతుంది. చేపలు కొరికితే కొరికిన చోట కొత్త కొమ్మలు వేస్తుంది. ఎండ దెబ్బకు ఎర్ర నాచు కాస్తా పసుపుగానో ఆకుపచ్చగానో మారుతుంది. అన్నట్టు, మీరు వాటిని మంచినీళ్లలో నానబెట్టారా?


హంద్రీ టీచరు (కర్నూలు) – సోమవారం, మధ్యాహ్నం 1.05

నానబెట్టాం మాస్టారూ. బస చేసిన చోట బకెట్లో వేసి పడుకున్నాం. తెల్లారేసరికి నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. పిల్లలు "రోజ్ మిల్క్" అని నవ్వారు.


గండికోట మాస్టారు (కడప) – సోమవారం, మధ్యాహ్నం 1.40

అదే అనుకున్నాను. ఎరుపునిచ్చే ఫైకోఎరిత్రిన్ నీటిలో కరుగుతుంది. సముద్రపు నీటిలో ఉన్నంతసేపు కణాలు దాన్ని పట్టి ఉంచుతాయి. మంచినీళ్లలో కణాలు దెబ్బతిని రంగు కారిపోతుంది. మీ షీట్ల గోధుమ రంగులో సగం ఆ బకెట్ చలవే. రంగును సాక్ష్యంగా తీసుకోవద్దు.


పెన్నా పిల్ల (అనంతపురం, ప్రస్తుతం విశాఖపట్నం) – సోమవారం, రాత్రి 8.15

మాస్టారికి నమస్కారం. నేను పరిశోధక విద్యార్థిని, నా పని ఎర్ర నాచుల డీఎన్ఏ మీదే. టీచరు గారు అడిగారు కాబట్టి మా వైపు లెక్క చెబుతాను.

జాతిని గుర్తించడానికి మేము ఎక్కువగా చదివేవి రెండు. ఒకటి హరితరేణువులో ఉండే ఆర్‌బీసీఎల్ జన్యువు, సుమారు 1,467 అక్షరాల పొడవు. రెండోది మైటోకాండ్రియాలోని కాక్స్1 జన్యువు మొదటి భాగం, సుమారు 664 అక్షరాలు. ఈ రెండో ముక్కను ఎర్ర నాచులకు బార్‌కోడ్‌లా వాడుకోవచ్చని 2005లో కెనడాలో గ్యారీ సాండర్స్ చూపించారు. కాక్స్1 త్వరత్వరగా మారుతుంది, కాబట్టి దగ్గరి చుట్టాలను విడదీస్తుంది. ఆర్‌బీసీఎల్ నెమ్మది, కాబట్టి ఏ ప్రజాతి, ఏ కుటుంబం అన్నది చెబుతుంది. ఒకే జాతి మొక్కల మధ్య తేడాలు అతి కొద్దిగా, రెండు జాతుల మధ్య చాలా ఎక్కువగా ఉండి, నడుమ ఖాళీ కనిపిస్తే మా పని సులువు. ఆ ఖాళీ లేని చోట తలనొప్పి మొదలవుతుంది.

మీ నమూనాలు ఎలా దాచారు? షీట్లు కాకుండా సీసాల్లో ఏమైనా ఉన్నాయా?


హంద్రీ టీచరు (కర్నూలు) – సోమవారం, రాత్రి 8.50

ఉన్నాయి. అన్నీ ఫార్మలిన్‌లోనే.


పెన్నా పిల్ల (అనంతపురం, ప్రస్తుతం విశాఖపట్నం) – సోమవారం, రాత్రి 9.05

అయ్యో. కోతలు కోసి చూడటానికి ఫార్మలిన్ మంచిదే, కణాల ఆకారం చెడదు. డీఎన్ఏకు మాత్రం అది శత్రువు, ముక్కలు ముక్కలు చేసి ప్రొటీన్లకు అతికించేస్తుంది. ఇక ముందు ఒకే మొక్కను మూడు వాటాలు వేయండి. ఒక వాటా కాగితం మీదకు, ఒకటి ఫార్మలిన్‌లోకి, వేలి గోరంత ముక్క సిలికా జెల్‌లోకి. మూడింటి మీదా ఒకే సంఖ్య ఉండాలి. చెప్పుల పెట్టెల్లో వచ్చే ఆ తెల్ల గుళికల పొట్లాలు ఉంటాయి కదా, అదే సిలికా జెల్. నాచులో తేమ గంటల్లో లాగేస్తే డీఎన్ఏ నిలుస్తుంది.

మీ షీట్లు ఒట్టి కాగితం మీద ఎండినవే కాబట్టి వాటిలో ఇంకా ఆశ ఉంది. వందేళ్లు దాటిన షీట్ల నుంచి కూడా చిన్న చిన్న డీఎన్ఏ ముక్కలు చదివినవాళ్లు ఉన్నారు.

నా గొడవ కూడా ఒకటి చెప్పి పోతాను. మొదటి ఏడాది, మామూలు ఆకులకు వాడే పద్ధతిలోనే నలభై గొట్టాల్లో నాచు నూరి డీఎన్ఏ తీశాను. అడుగున తెల్లగా గడ్డకట్టింది చూసి సంబరపడ్డాను. అది డీఎన్ఏ కాదు, జావ! ఈ నాచుల కణాల గోడల నిండా అగర్, కారాజీనన్ లాంటి జిగురు పదార్థాలే. డీఎన్ఏతో పాటు అవీ దిగి, డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్‌ను నడవనివ్వవు. నాలుగు నెలలు పోయాయి. మా అమ్మ ఫోనులో "ఇంకా పాచి కడుగుతూనే ఉన్నావా" అని అడిగేది.


అరటి గొట్టం (పులివెందుల) – సోమవారం, రాత్రి 9.40

ఆ జావ మీదే మా ఉద్యోగం నడుస్తోంది! మాది టిష్యూకల్చర్ అరటి మొక్కల ల్యాబు. సీసాల్లో మొక్క నిలబడే జెల్లీ అగర్‌తోనే చేస్తాం. అది ఎర్ర నాచుల నుంచే వస్తుంది, ముఖ్యంగా జెలీడియం, గ్రాసిలేరియా. బురుజు నీడ గారు నష్టం ఏమిటని అడిగారు కదా. ఒకసారి కొత్త సరుకు వచ్చింది, అదే తూకం వేశాం, జెల్లీ కట్టకుండా మజ్జిగలా ఉండిపోయింది. మొక్కలు ఒరిగిపోయాయి. గ్రాసిలేరియా అగర్‌లో సల్ఫేటు ఎక్కువ, క్షారంతో శుద్ధి చేస్తేనే గట్టిపడుతుంది. ఏ నాచు, ఎలా శుద్ధి చేశారు అన్నది తెలియకపోతే దెబ్బ మా మీద పడుతుంది.


బురుజు నీడ (కర్నూలు) – సోమవారం, రాత్రి 9.52

అంటే మా ఇంట్లో ఫలూదాకు వాడే చైనా గ్రాస్ కూడా ఇదేనా?


అరటి గొట్టం (పులివెందుల) – సోమవారం, రాత్రి 9.58

అదే. చైనా గ్రాస్ అంటే అగరే. మరిగిస్తే కరుగుతుంది, 40 డిగ్రీల లోపు చల్లారాక గడ్డకడుతుంది, మళ్లీ కరగాలంటే 85 డిగ్రీలదాకా వేడి చేయాలి. అందుకే మన ఎండల్లో కూడా ఫలూదా జెల్లీ కరగదు. కారాజీనన్ వేరు, అది వేరే నాచుల నుంచి వస్తుంది.


ఒంటిమిట్ట కుర్రాడు (కడప, ప్రస్తుతం బెంగళూరు) – మంగళవారం, ఉదయం 10.12

సాఫ్ట్‌వేర్ వాడిని, తప్పయితే మన్నించండి. ఇన్ని గొడవలెందుకు? డీఎన్ఏ చదివించి, ప్రపంచంలో ఇప్పటికే దాచి ఉన్న డీఎన్ఏ అక్షరాల వరుసలతో పోల్చితే కంప్యూటరే పేరు చెబుతుంది కదా. బ్లేడు పట్టుకుని కోతలు కోసే కాలం పోయిందేమో మాస్టారూ.


గండికోట మాస్టారు (కడప) – మంగళవారం, ఉదయం 11.30

బాబూ, కంప్యూటర్ చెప్పేది పేరు కాదు, పోలిక. "మీ వరుస ఫలానా వరుసకు దగ్గరగా ఉంది" అంటుంది. ఆ ఫలానా వరుసకు పేరు పెట్టింది ఎవరు? నమూనా పంపిన మనిషి. అతను టీచరమ్మలాగే, నాలాగే పాత షీటు చూసి రాసి ఉంటే? ఆ తప్పు కంప్యూటర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది, తర్వాత వచ్చినవాళ్లంతా దానితో పోల్చుకుని అదే తప్పు రాస్తారు. బీరువాలో ఉన్న తప్పును నాబోటి ముసలివాళ్లు నలుగురే చూస్తారు. కంప్యూటర్‌లో ఉన్నది లోకమంతా చూస్తుంది.

ఒక జాతి పేరు ఎక్కడ ఉంటుందో తెలుసా? ఆ పేరు మొదట పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న ఒకే ఒక్క నమూనాలో. దాన్ని టైపు నమూనా అంటారు. ఎక్కడో ఒక హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల షీట్లు దాచే చోట, ఎండిపోయి ఉంటుంది. దానితో పోల్చనిదే పేరు తేలదు.

గ్రాటెలూపియా కథ విను. అట్లాంటిక్ తీరాల్లో కొత్తగా వ్యాపించిన ఒక వెడల్పాటి ఎర్ర నాచును ఏళ్ల తరబడి గ్రాటెలూపియా డోరిఫోరా అన్నారు. ఆ పేరుగల అసలు మొక్క పెరూ దేశపుది. 2002లో గావియో, ఫ్రెడెరిక్ కలిసి ఆర్‌బీసీఎల్ వరుసలు, శరీర నిర్మాణం రెండూ పోల్చి చూస్తే, వలస వచ్చింది పెరూ మొక్క కాదు, జపాను వైపు పెరిగే గ్రాటెలూపియా టురుటురు అని తేలింది. దొంగను పట్టుకున్నారు గానీ అన్నేళ్లూ వేరేవాడి పేరు మీద కేసు నడిపారు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా దాన్ని ఆపేది ఎలా?


పెన్నా పిల్ల (అనంతపురం, ప్రస్తుతం విశాఖపట్నం) – మంగళవారం, రాత్రి 8.30

మాస్టారి మాటతో ముప్పాతిక ఒప్పుకుంటాను. మిగిలిన పాతిక మీద పోట్లాడతాను.

కప్పాఫైకస్ సంగతి తీసుకోండి. పల్లీకాయ అన్నా, మీ ద్రావణంలో ఉన్నది బహుశా ఇదే కావచ్చు. మన దేశంలో నాచు ద్రావణానికి ఎక్కువగా వాడే ఎర్ర నాచు కప్పాఫైకస్ అల్వరెజీ, తమిళనాడులో రామనాథపురం తీరాన తాళ్లకు కట్టి పెంచుతారు. రైతులు కొమ్మ తుంచి కట్టి పెంచుతారు కాబట్టి చాలా తోటల్లో అది పూత, బీజం అనే మాటే ఎరగదు. మాస్టారూ, సిస్టోకార్ప్ లేని మొక్కను మీరు ఎక్కడ కోస్తారు? పైగా ఒకే జాతిలో ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు రంగు మొక్కలు ఉంటాయి. వ్యాపారులు కప్పాఫైకస్‌ను "కాటనీ" అని, దాని చుట్టం యూక్యూమా డెంటిక్యులేటంను "స్పైనోసం" అని పిలుస్తారు. మొదటిది గట్టిగా విరిగే జెల్లీనిచ్చే కప్పా కారాజీనన్ ఇస్తుంది, రెండోది మెత్తని ఐయోటా కారాజీనన్. మలేషియాలో రైతులు మామూలు కప్పాఫైకస్‌తో కలిపి పెంచుకుంటున్న ఒక మొక్క అసలు వేరే జాతి అని 2014లో తేలింది, కప్పాఫైకస్ మలేసియానస్ అని పేరు పెట్టారు. డీఎన్ఏ చదవకపోతే అది ఇప్పటికీ అల్వరెజీల గుంపులోనే ఉండేది.

ఒంటిమిట్ట తమ్ముడికి ఒక మాట. హరితరేణువు, మైటోకాండ్రియా జన్యువులు సాధారణంగా తల్లి వైపు నుంచే వస్తాయి. రెండు జాతులు కలిసి సంకరం పుట్టినా ఈ రెండూ తల్లి పేరే చెబుతాయి. అందుకే కేంద్రకంలోని జన్యువు కూడా ఒకటి చూడాలి. ఒక్క జన్యువు పట్టుకుని తీర్పు చెప్పే రోజులు మా వైపు కూడా పోయాయి.


గండికోట మాస్టారు (కడప) – మంగళవారం, రాత్రి 9.15

తల్లీ, ఆ పాతిక నీకే ఇచ్చేశాను. బీజం కట్టని మొక్క ముందు నా బ్లేడు నిజంగానే మొద్దు.

కానీ రెండు పేర్లున్న ఒకే మొక్క కథ కూడా ఉంది, అందులో డీఎన్ఏ లేదు. నోరి అనే తినే నాచు, అప్పట్లో పోర్ఫైరా అనేవారు. వేసవిలో మాయమైపోయేది, ఎక్కడికి పోతుందో జపాను రైతులకు అంతుపట్టేది కాదు. మరోవైపు గుల్లల పెంకుల్లో పెరిగే గులాబీ రంగు పోగుల్లాంటి నాచు ఒకటి ఉండేది, దానికి 1892లో కాంకోసెలిస్ రోజియా అని వేరే పేరు పెట్టారు. మాంచెస్టర్‌లో కాత్లీన్ డ్రూ-బేకర్ అనే ఆవిడ పోర్ఫైరా సిద్ధబీజాలను పెంకుల మీద పెంచి చూస్తే మొలిచింది ఆ గులాబీ పోగే! రెండూ ఒకే మొక్క, రెండు దశలు. 1949లో ఆ సంగతి ప్రచురించారు. దాన్ని పట్టుకుని జపానులో పెంకుల మీద నారు పోసి నోరి సాగు నిలబెట్టుకున్నారు. ఊటో పట్టణంలో 1963లో ఆవిడకు స్మారకం కట్టారు. పెళ్లయిందని విశ్వవిద్యాలయం జీతం ఇవ్వడం మానేస్తే, జీతం లేకుండానే పని చేసిన మనిషి ఆవిడ. ఇది చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ కొంచెం కోపం వస్తుంది, క్షమించండి.

సరే, టీచరమ్మా, పనికి వద్దాం. జీలుగు బెండు దొరికితే సరే, లేకపోతే క్యారెట్ ముక్క. షీటు నుంచి బొడిపె ఉన్న తునక తుంచి, చుక్క సబ్బు నీళ్లు కలిపిన నీటిలో నానబెట్టండి, ఉబ్బుతుంది. బెండులో ఇరికించి కొత్త బ్లేడుతో కోయండి. కోత సరిగ్గా బొడిపె నడిమి నుంచి పోవాలి, పక్క నుంచి పోతే పనికిరాదు. ఇరవై కోస్తే ఒకటి కుదురుతుంది, విసుగు పడవద్దు. సఫ్రనిన్ కాదు, అనిలిన్ బ్లూ వేయండి.

బొడిపె లోపల నడుమ సిద్ధబీజాలు కట్టే కణాల ముద్ద, పైన గుమ్మటంలా గోడ కనిపిస్తాయి. ముద్దలోంచి గోడలోకి సన్నని గొట్టాల్లాంటి కణాలు పాకి ఉంటే గ్రాసిలేరియా. ఆ పోషక నాళికలు లేకపోతే గ్రాసిలేరియాప్సిస్. మగ మొక్క దొరికితే ఇంకో సాక్ష్యం: గ్రాసిలేరియాలో మగ కణాలు గుంటల్లో ఉంటాయి, గ్రాసిలేరియాప్సిస్‌లో పై పొర మీద పరుచుకుని ఉంటాయి. డాసన్ 1949లో గ్రాసిలేరియాప్సిస్‌ను విడదీశాడు, 1960లలో పాపెన్‌ఫస్ మళ్లీ కలిపేశాడు, 1989లో ఫ్రెడెరిక్, హామర్‌సాండ్ ఈ కోతలు చూపించి తిరిగి విడదీశారు. తర్వాత డీఎన్ఏ కూడా వాళ్ల పక్షానే నిలిచింది. అంటే బ్లేడు ముందే చెప్పింది, చూశావా ఒంటిమిట్ట బాబూ!

బొడిపె లేని షీటును వదలవద్దు. దాని సన్న కొమ్మకు ఒక అడ్డుకోత తీసి, సరిగ్గా మధ్యలో ఏముందో చెప్పండి. ఎందుకు అడుగుతున్నానో ఇప్పుడు చెప్పను.


ఒంటిమిట్ట కుర్రాడు (కడప, ప్రస్తుతం బెంగళూరు) – మంగళవారం, రాత్రి 9.40

చూశాను మాస్టారూ. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఒక సందేహం, సముద్రమే లేని మన కడపలో మీరు ఇదంతా ఎలా నేర్చుకున్నారు?


గండికోట మాస్టారు (కడప) – బుధవారం, ఉదయం 6.05

కడపలో సముద్రం లేదని ఎవరన్నారు? కాస్త ఆలస్యంగా పుట్టాం, అంతే. వేంపల్లె వైపు డోలమైటు రాళ్లలో పొరలు పొరలుగా, క్యాబేజీ కోసినట్టు గుండ్రటి గీతలు ఉంటాయి. స్ట్రోమటోలైట్లు అంటారు. సుమారు 190 కోట్ల ఏళ్ల నాటి లోతు తక్కువ సముద్రంలో నీలి ఆకుపచ్చ పాచి కట్టిన దిబ్బలవి. అవి ఎర్ర నాచులు కావు, ముందే చెబుతున్నాను. కానీ చిత్రకూట్ దగ్గర 160 కోట్ల ఏళ్ల రాళ్లలో ఎర్ర నాచుల్లాంటి శిలాజాలు దొరికాయని 2017లో ప్రకటించారు. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్లు దేన్ని చూసి ఒప్పుకున్నారో తెలుసా? ఎక్స్-రే కిరణాలతో రాయి లోపలికి చూస్తే, కణానికీ కణానికీ మధ్య గోడలో ఎర్ర నాచుల్లో ఉండే బిరడాలాంటిది కనిపించింది. డీఎన్ఏ మిగలని చోట లోపలి నిర్మాణమే దిక్కు.


హంద్రీ టీచరు (కర్నూలు) – శుక్రవారం, సాయంత్రం 5.45

మూడు రోజులు, ఒక పెట్టె బ్లేడ్లు, రెండు వేళ్లకు ప్లాస్టర్. ప్రశ్న అడిగిన కుర్రవాడినే పక్కన కూర్చోబెట్టుకుని కోశాం.

బొడిపెల షీటు: పదిహేడో కోతలో బొడిపె నడిమి దొరికింది. ముద్దలోంచి గోడలోకి సన్న గొట్టాలు స్పష్టంగా ఉన్నాయి. గ్రాసిలేరియా అనే అనుకుంటున్నాను.

బొడిపెలు లేని షీటు: మాస్టారూ, మీకు ముందే అనుమానం ఉందా? మొదటిదానిలో మధ్యన అన్నీ పెద్ద పెద్ద కణాలు గందరగోళంగా ఉంటే, దీనిలో సరిగ్గా నడుమ ఒక చిన్న కణం, దాని చుట్టూ ఐదారు పెద్ద కణాలు పువ్వు రేకుల్లా ఉన్నాయి. ఎన్ని కోతలు తీసినా అదే. ఉబ్బిన చిన్న కొమ్మల్లో బీజాల సంచులు కూడా దొరికాయి. నాలుగు బీజాలూ ఒకదాని మీద ఒకటి, టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా పేర్చి ఉన్నాయి. మా కుర్రవాడు గీసిన బొమ్మ జత చేశాను.


గండికోట మాస్టారు (కడప) – శుక్రవారం, సాయంత్రం 6.10

హిప్నియా! అదీ ఎర్ర నాచే, కానీ వేరే ప్రజాతి. అనుమానమే గానీ నమ్మకం లేదు, అందుకే చెప్పలేదు. ముందే చెబితే మీ కంటికి అదే కనిపిస్తుంది.

నడుమ ఉన్న ఆ ఒంటి కణం అక్షం. హిప్నియాలో కొమ్మ పొడవునా వెన్నుపూసలా పోతుంది, గ్రాసిలేరియాలో అలా కనిపించదు. నాలుగు బీజాలు గిన్నెల్లా పేర్చి ఉంటే హిప్నియా, లడ్డూను అడ్డంగా నిలువుగా కోసినట్టు ఉంటే గ్రాసిలేరియా. ఒకసారి షీటు అంచులు చూడండి, ముల్లులాంటి పొట్టి కొమ్మలు విరిగి రాలి ఉంటాయి.


హంద్రీ టీచరు (కర్నూలు) – శుక్రవారం, సాయంత్రం 6.25

ఉన్నాయి. జిగురులో అతుక్కుని ఐదారు ముళ్లు. కాగితం మురికి అనుకున్నాను.


అరటి గొట్టం (పులివెందుల) – శుక్రవారం, రాత్రి 7.50

మాస్టారి మాట నిజమైతే హిప్నియా నుంచి అగర్ రాదు, కారాజీనన్ వస్తుంది. దాన్ని పట్టుకోవడం మాకు తెలుసు. ఆ నాచు చెంచాడు ఉంటే నీళ్లలో మరిగించి వడగట్టి, రెండు భాగాలు చేసి ఒకదానిలో కాస్త పొటాషియం క్లోరైడ్ వేయండి. చల్లారాక ఉప్పు వేసిన గిన్నె గట్టిపడి, వేయనిది జారుగా ఉంటే కప్పా కారాజీనన్. తీర్పు కాదు, మూడో సాక్షి అనుకోండి.


పల్లీకాయ (అనంతపురం) – శుక్రవారం, రాత్రి 8.02

పొటాషియం క్లోరైడ్ అంటే మేము చేనుకు వేసే పొటాషే కదా! మా ఇంట్లో అర బస్తా ఉంది మేడమ్, పంపమంటారా?


అరటి గొట్టం (పులివెందుల) – శుక్రవారం, రాత్రి 8.06

అన్నా, అదే గానీ దాన్లో మట్టీ, ఇనుమూ ఉంటాయి. కళాశాల రసాయనశాస్త్రం గదిలో శుభ్రమైనది ఉంటుంది, చిటికెడు చాలు.


పెన్నా పిల్ల (అనంతపురం, ప్రస్తుతం విశాఖపట్నం) – శుక్రవారం, రాత్రి 9.20

టీచరు గారూ, రెండు షీట్ల నుంచీ గోరంత ముక్కలు నాకు పంపండి, కాక్స్1, ఆర్‌బీసీఎల్ రెండూ చదువుతాను. వంతు రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. అప్పటిదాకా ఒకదాని మీద "గ్రాసిలేరియా", రెండోదాని మీద "హిప్నియా" అని మాత్రమే రాసి జాతి ఖాళీగా వదలండి. ముక్క తీసిన చోట షీటు మీద సంఖ్య రాయండి, రేపు వరుస మీద ఎవరికైనా అనుమానం వస్తే ఆ మొక్కే తీసి చూడాలి.


హంద్రీ టీచరు (కర్నూలు) – శనివారం, ఉదయం 8.30

పంపుతాను. కుర్రవాడు పాత పేరు కొట్టివేయబోతే ఆపాను. దాన్ని అలాగే ఉంచి, కింద కొత్త చీటీ అతికించి తేదీ వేయమన్నాను. బీరువాలో "వెరుకోసా" షీట్లు ఇంకా పదకొండు ఉన్నాయి, వాటిలో నాలుగింటి అంచుల్లో ముళ్లు ఉన్నాయి. బ్లేడ్లు మళ్లీ కొనాలి.

వచ్చే జనవరిలో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి బకెట్ తీసుకువెళ్లం. సిలికా జెల్ పొట్లాలు మాత్రం రెండు వందలైనా కావాలి.


బురుజు నీడ (కర్నూలు) – శనివారం, ఉదయం 9.04

పాత బస్టాండు దగ్గర మా బావమరిదికి చెప్పుల దుకాణం ఉంది. పొట్లాలు ఒక సంచి నిండా మూలన పడి ఉన్నాయట. కళాశాలకే తెచ్చి ఇవ్వనా?


పెన్నా పిల్ల (అనంతపురం, ప్రస్తుతం విశాఖపట్నం) – శనివారం, ఉదయం 9.15

తెచ్చి ఇవ్వండి అన్నా. మూలన పడి ఉన్నవి ఈపాటికి తేమ పీల్చి ఉంటాయి. టీచరు గారూ, పొట్లాలు విప్పి గుళికలను ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకోండి. కాగితంతో సహా పెట్టకండి, మాడిపోతుంది. నేను ఒకసారి పెట్టాను.